వంటింటి స్పీకరు

కొత్త టీవీ వచ్చిన రోజే పాత హోమ్ థియేటర్‌ను పాత సామాన్లవాడికి వేసేయమన్నారు అందరూ. టీవీ తెచ్చి గోడకు బిగించినవాళ్లు అన్నారు, పక్కింటాయన అన్నాడు, బెంగళూరు నుంచి ఫోన్లో మా అమ్మాయి కూడా అంది. "దానికీ దీనికీ కలవదు నాయనా. ఇప్పుడు సన్నగా పొడుగ్గా పట్టీ మాదిరి స్పీకరు వస్తాండాది. ఒకటి పంపిస్తా, టీవీ కింద పెట్టుకో." నేను వద్దన్నాను. ఎందుకు వద్దో మాత్రం చెప్పలేదు. చెప్పబోతే ఏడుపొస్తుందని భయం.

సంగతి ఇది. నా భార్య పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆమె ఉన్నంతకాలం మా వంటింట్లో, పొయ్యికి పైన గోడ మీద, ఆ హోమ్ థియేటర్ స్పీకరు ఒకటి మోగుతూ ఉండేది. నేనే పెట్టాను, నేనే వైరు లాగాను. ఆమె పోయిన రెండో నెలలోనే వోల్టేజీ దెబ్బకు పాత టీవీ కాలిపోయింది. దాంతో ఆ స్పీకరూ మూగబోయింది. పొద్దున లేచి కాఫీ నేనే పెట్టుకుంటాను. గిన్నె దించిన చప్పుడు, చెంచా పడిన చప్పుడు, అంతకు మించి ఆ గదిలో ఏమీ ఉండదు. అందుకే చాలా రోజులు మా ఎదురుగా ఉన్న టీ బంకులోనే కాఫీ తాగాను. ఆ స్పీకరు మళ్లీ మోగితే చాలు, ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఉన్నట్టే ఉంటుందని నా ఆశ. దానికోసం కొత్త టీవీని పాత హోమ్ థియేటర్ డబ్బాకు ఎలాగైనా కలపాలి.

నా గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు. బుక్కరాయసముద్రంలో రోడ్డు మీదే మాకు బోరు మోటార్ల సామాన్ల అంగడి. స్టార్టర్లు, కేబుళ్లు, గేట్‌వాల్వులు, డ్రిప్ పైపులు అమ్ముతాం. ముందు అంగడి, వెనక ఇల్లు. శింగనమల వైపు నుంచి రైతులు మోటారు కాలిపోయిందని మొహాలు వేలాడేసుకుని వస్తుంటారు. నీళ్లు అడుగంటిన బోరులో మోటారు ఉత్తగా తిరిగి కాలిపోతుంది, మా వైపు అది మామూలే. ముప్పై ఏళ్లుగా వైర్లూ పైపులూ అమ్ముతున్నవాణ్ణి కాబట్టి, వైరు గురించి ఇంకొకడు నాకు చెప్పడమేమిటన్న పొగరు బాగా ఉంది నాకు. కోపం అంతకంటే ఎక్కువ. తెలియని మాట మాట్లాడిన మనిషిని, బేరం పోయినా సరే, నాలుగు మాటలని పంపేవాణ్ణి. "ఆయప్ప నోరే అట్ల, సామాను మాత్రం మంచిదిస్తాడు" అని రైతులు నవ్వుకునేవాళ్లు. వాళ్లు సామాను కొనుక్కుని వెళ్లిపోతారు కాబట్టి నవ్వగలిగారు. ఇంట్లో ఉండే మనిషి సంగతి వేరు.

హోమ్ థియేటర్ కొన్నప్పుడు అమ్మాయి హైస్కూల్లో ఉంది. ఐదు స్పీకర్లు, బరువైన ఊఫర్ డబ్బా ఒకటి. దానితో వచ్చిన పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. సోఫాలో ఒక మనిషి, అతని ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు. ఆ బొమ్మ చూసి నాకు నవ్వొచ్చింది. ఒక్క మనిషికి ఐదెందుకు? ఒకే చెట్టు మొదట్లో ఐదు పైపులు పెట్టినట్టుంది వీళ్ల తెలివి అనుకున్నాను. డ్రిప్ వేసేటప్పుడు మేం పెద్ద పైపులోంచి సన్న పైపులు తోటంతా లాగుతాం. ఏ చెట్టు దగ్గర చూసినా కారేది అవే నీళ్లు. శబ్దమూ అంతేనని నా లెక్క. ఒక్క డబ్బాలోంచి ఐదు వైర్లు బయల్దేరుతున్నాయి కాబట్టి ఐదింట్లోనూ వచ్చేది ఒకటే అనుకున్నాను. పుస్తకం మూసి అటక మీదికి విసిరేశాను.

ఐదింటినీ ఇల్లంతా పంచాను. టీవీకి అటొకటి ఇటొకటి హాల్లో పెట్టాను. అడ్డంగా పొడుగ్గా ఉండే స్పీకరు ఒకటి ఉంది, దాన్ని అంగడిలో నేను కూర్చునే కుర్చీ వెనక బిగించాను. మిగిలిన రెండింట్లో ఒకటి వంటింటికి, ఇంకొకటి పెరట్లో బట్టలుతికే బండ దగ్గర రేకుల కిందికి. అంగడిలో ఉన్నవాటిలో మంచి రాగి వైరు తీసి, గోడకు గాడి కొట్టించి, పైపులోంచి లాగి, మళ్లీ సిమెంటు పూయించాను. రెండు రోజుల పని. అంతా అయ్యాక ఆమెను వంటింట్లో నిలబెట్టి గొప్పగా చూపించాను.

"సూడు, ఐదింట్లో రెండు నీవే. రాజుల ఇండ్లల్లో గూడా ఉండదు ఇట్లాంటిది."

"ఎందుకింత పని, నేనే హాల్లోకొచ్చి సూస్తా గదా" అంది. అన్నదే గానీ సంతోషపడింది. చీర చెంగుతో స్పీకరు మీద సిమెంటు దుమ్ము తుడిచింది, మూలమూలలా.

ఆమె హాల్లో కూర్చుని టీవీ చూసిందెప్పుడు? పొద్దున టిఫిను, పదకొండుకు అంగడికి కాఫీ, దూరం నుంచి వచ్చిన రైతులుంటే మజ్జిగ, మధ్యాహ్నం వంట, మళ్లీ సాయంత్రం పొయ్యి. సినిమా వచ్చే వేళకు ఆమె చేతిలో చాకో గరిటో ఉండేది. అందుకే కదా స్పీకరును ఆమె దగ్గరికి పంపాను. ఆ ఆలోచన మంచిదేనని ఇప్పటికీ అంటాను.

మొదటి వారంలోనే మొదలైంది. టీవీలో సినిమా నడుస్తుంటే వంటింట్లోంచి గొంతు వినిపించేది, "ఏమన్నాడంట?" హాల్లోంచి అమ్మాయి చెప్పేది. కాసేపాగి మళ్లీ, "ఆ పిల్ల ఏమనింది, ఎందుకు ఏడుస్తాంది?" మళ్లీ అమ్మాయి చెప్పేది. మూడోసారికి నాకు ఒళ్లు మండేది. నెత్తి మీద స్పీకరు పెట్టుకుని హాల్లోవాళ్లను అడగడమేమిటి! "చెవుల్లో దూది పెట్టుకున్యావా? నెత్తిమింద మోగుతాండాది గదా!" అని అంగడిలోంచే అరిచేవాణ్ణి. అంగడిలో నాకు ప్రతి మాటా పక్కన కూర్చుని చెప్పినట్టు వినిపించేది. హాల్లో టీవీ సొంత గొంతు కూడా పెట్టే ఉంచేవాళ్లం కాబట్టి అమ్మాయికీ ఇబ్బంది లేదు. ఇద్దరికి వినిపిస్తూ ఒకరికి వినిపించకపోతే లోపం ఆ ఒకరిలో కాక ఎక్కడుంటుంది? వైరులో ఉండదు. ఆ వైరు నేను లాగింది.

ఒకసారి ఆమె మెల్లగా అంది, "ఆ స్పీకరులో మాటలు రావడంల్యా. ఊరికే గాలి మాదిరి వస్తాండాది."

నేను వైరు పరీక్షించే మీటరు తీసుకుని వచ్చి స్టూలెక్కాను. వైరు ఎక్కడా తెగలేదు. స్పీకరుకు చెవి ఆనించాను. ఆ సమయానికి టీవీలో పాట వస్తోంది, కొంచెం పలచగా వినిపించినా వినిపించింది. ఇంకేం కావాలి? కిందికి దిగి, "వైరుకేం రోగంల్యా. రోగం నీ చెవులకే" అన్నాను. ఆమె అప్పుడు కొత్తిమీర తుంచుతోంది. తుంచుతూనే ఉంది. తర్వాత ఇన్నేళ్లలో మళ్లీ ఒక్కసారి కూడా స్పీకరు మీద ఫిర్యాదు చేయలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆమెకు చెవుడు ఖాయమైపోయింది. డాక్టరుకు చూపించాలని ఎవరికీ తోచలేదు. మా దృష్టిలో అది చూపించుకునేంత చెవుడు కాదు, వేళాకోళం చేసుకునేంత చెవుడు. అమ్మాయి "అమ్మా, అమ్మా" అని రెండుసార్లు పిలవడం అలవాటు చేసుకుంది. ఇంటికి చుట్టాలొస్తే నేనే ముందుగా చెప్పేవాణ్ణి, "కొంచెం గట్టిగా మాట్లాడండప్పా, ఆమెకు చెవులు మందం" అని. వాళ్లు అరిచి మాట్లాడేవాళ్లు. మొహం మీదికొచ్చి అరిస్తే ఎవరైనా ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఆమె వెనక్కి తగ్గితే వినిపించలేదనుకుని ఇంకా అరిచేవాళ్లు. కొన్నాళ్లకు ఆమే అనడం మొదలుపెట్టింది, "నాకు చెవులు మందంలేమ్మా" అని. వాదించే ఓపిక లేక అందో, అందరూ అంటున్నారు కాబట్టి నిజమేననుకుందో నాకు తెలియదు. అడిగి ఉంటే చెప్పేదేమో.

ఆ స్పీకరులో ఆమెకు బాగా వినిపించేది ఒకటే, వాన. సినిమాలో వాన పడితే మా వంటింట్లోనూ పెరట్లోనూ జోరున కురిసేది. అంగడిలో నాకు అంతగా తెలిసేది కాదు. ఆమె పొయ్యి తగ్గించి పరుగున మిద్దెక్కేది, ఆరబెట్టిన మిరపకాయలో వడియాలో ఎత్తుకురావడానికి. పైన ఎండ మాడ్చేస్తూ ఉండేది. మా ఆకాశం సంగతి తెలిసి కూడా ప్రతిసారీ ఎక్కేది. ఒట్టి చేతులతో నవ్వుకుంటూ దిగొస్తుంటే మేం ఆటపట్టించేవాళ్లం. "మాట ఇనపడదు గానీ లేని వాన ఇనపడ్తాదే నీకు!" ఆ వేళాకోళం ఏళ్ల తరబడి నడిచింది మా ఇంట్లో. పెళ్లయి బెంగళూరు వెళ్లాక కూడా అమ్మాయి ఫోన్లో ముందు అదే అడిగేది, "ఏమ్మా, వాన పడ్తాండాదా?" అని. ఆమె కూడా నవ్వేది.

ఇక కొత్త టీవీ సంగతి. దాని వెనక ఎంత వెతికినా, పాత డబ్బా వైర్లకు ఉండే ఎర్ర పిన్నూ తెల్ల పిన్నూ దూరే బొక్కలు లేవు. అనంతపురంలో పాత రేడియోలూ టేప్ రికార్డర్లూ బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నాడు, నాకంటే పదేళ్లు పెద్ద. వైర్ల కోసం మా అంగడికి వస్తూ ఉండేవాడు. ఆయనకు ఫోన్ చేశాను. ఆదివారం పొద్దున పది గంటలకు సంచి భుజాన వేసుకుని బస్సు దిగాడు.

"ఏమప్పా, దీన్నింకా పెట్టుకున్యావా? పార్టులు గూడా దొరకవు దీనికి" అన్నాడు డబ్బా చూసి.

"పార్టులు వద్దు భాయ్. టీవీకి కలిపియ్యి, చాలు. వంటింట్లో స్పీకరు మోగాల."

వంటింట్లో ఎందుకని ఆయన అడగలేదు. టీవీ వెనక టార్చి వేసి చూశాడు. "ఎర్రదీ తెల్లదీ ఎత్తేసినారు. ఇప్పుడు శబ్దం వెలుగులో పంపుతాండారు. ఇదిగో, ఈ బొక్కలో సూడు." వంగి చూస్తే లోపల ఎర్రగా చిన్న వెలుగు కనిపించింది. ఆయన సంచిలోంచి అగ్గిపెట్టె అంత డబ్బా తీశాడు. ఒక పక్క సన్నని తీగ గుచ్చి టీవీకి పెట్టాడు, రెండో పక్క ఎర్ర తెల్ల పిన్నులు గుచ్చి పాత డబ్బాకు పెట్టాడు. ఏమీ మోగలేదు.

"అయిపాయె" అన్నాను.

"తొందరెందుకప్పా? టీవీ కొత్త భాషలో మాట్లాడ్తాండాది, దీనికి పాత భాషే తెలుసు. పాత భాషలో చెప్పమని టీవీకి చెప్పాల." రిమోట్ తీసుకుని టీవీలో ఎక్కడెక్కడికో వెళ్లి ఏదో మార్చాడు. హాల్లో రెండు స్పీకర్లూ ఒక్కసారిగా గురగురమని, గొంతు సవరించుకున్నట్టు మోగాయి. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వంటింట్లోకి పోబోతుంటే భాయ్ ఆపాడు. "ఉండు, ఒక్కొక్కటే పరీక్ష చేస్తా" అని పాత రిమోట్‌లో ఏదో నొక్కాడు.

బుస్సుమని ఒక శబ్దం హాల్లో ఎడమ స్పీకరులోంచి వచ్చింది. అది ఆగి, అంగడిలోంచి వచ్చింది. తర్వాత హాల్లో కుడి పక్క. తర్వాత దూరంగా పెరట్లో. తర్వాత వంటింట్లో. భాయ్ మెడ తిప్పుతూ ఒక్కోదాన్నీ విని, రిమోట్ ఒళ్లో పెట్టుకున్నాడు.

"మధ్యలో పెట్టేది యాడుండాది?"

"అంగట్లో."

"వెనకవి రెండూ?"

"వంటింట్లో ఒకటి, పెరట్లో ఒకటి. ఏం?"

"ఎవురు పెట్టినారు ఇట్ల?"

"నేనే పెట్టినా. తప్పా?"

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే గొడవపడేవాణ్ణి, అంతటితో పోయేది. "తప్పని కాదప్పా. అన్నింట్లో ఒకటే రాదు. సినిమాలో మనుషులు మాట్లాడేది అంతా ఆ పొడుగుదాంట్లో వస్తాది. వెనకవాటికి మాటలు పంపదు. గాలి, వాన, జనం గోల, పాటలో వాయిద్యాలు, అట్లాంటివి పంపుతాది. సూసేటోడికి వాటి మధ్యలో కూచున్నట్టుండాలని."

నాకు కోపం వచ్చింది. "అదెట్ల? డబ్బా ఒకటే గదా? ముప్పై ఏండ్లు వైరు అమ్మినోడికి చెప్తాండావా నువ్వు?"

"వైరుదేముందప్పా. అది ఏదిస్తే అది మోస్తాది. పోయి నువ్వే ఇను పో."

టీవీలో ఏదో సినిమా వస్తోంది, ఒక తండ్రీ కూతురూ గట్టిగా వాదించుకుంటున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి పొయ్యి ముందు, ఆమె నిలబడేచోట నిలబడ్డాను. సినిమా నడుస్తుండగా నేను అక్కడ నిలబడటం అదే మొదటిసారి. ఇన్నేళ్లలో ఒక్కసారీ నిలబడలేదు. తలపైన స్పీకరులోంచి ఏదో సన్నగా, ఊపిరి తీసినట్టు వస్తోంది. దూరంగా బస్సు పోయిన శబ్దం. ఎక్కడో కాకి. ఒక్క మాట లేదు. హాల్లోంచి గోడ దాటి వచ్చే గొణుగుడును బట్టి వాళ్లింకా వాదించుకుంటున్నారని తెలుస్తోంది, అంతే. పొయ్యి వెలిగించి నీళ్ల గిన్నె పెట్టాను. కొళాయి తిప్పాను. ఆ గొణుగుడు కూడా పోయింది. స్టూలెక్కి స్పీకరుకు చెవి ఆనించాను, ఆ రోజు ఆనించినట్టే. గాలి. ఊరికే గాలి మాదిరి.

ఆమె ఆ మాటే చెప్పింది నాకు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

పెరట్లోకి వెళ్లి బండ దగ్గర నిలబడ్డాను. అక్కడా అంతే. మళ్లీ వంటింట్లోకి వచ్చాను. ఆ కూతురు ఎందుకు ఏడుస్తోందో హాల్లోకి కేకేసి అడగాలనిపించింది నాకే. భాయ్ పిలవలేదు, లోపలికి రాలేదు. చివరికి నేనే వెళ్లి, మా ఆవిడ పదిహేనేళ్లు అక్కడ నిలబడి విన్నదని చెప్పాను. ఆయన రిమోట్ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"అన్నింట్లో మాటలు రావాలంటే గూడా ఒక బటన్ ఉండాదప్పా దీంట్లో" అన్నాడు నెమ్మదిగా. రిమోట్‌కు కొన్ననాటి ప్లాస్టిక్ కవరు అట్లాగే ఉంది, పాడవుతుందని నేనే తీయనివ్వలేదు. కింది వరసలో, ఆ కవరు మసకబారిన చోట, చిన్న బటన్. ఆయన నొక్కాడు. వంటింట్లో మనుషులు మాట్లాడటం మొదలైంది. ప్రతి మాటా స్పష్టంగా, గది నిండా. ఆరు నెలలుగా నేను కోరుకున్నది అదే. ఆపేయమని భాయ్‌కి చెప్పాను.

స్పీకర్లన్నీ తెచ్చి హాల్లో సరిగ్గా అమర్చి పోతానన్నాడు. ఇంకోరోజు చూద్దామన్నాను. నేను కాఫీ పెట్టి ఇస్తే తాగి, నా భుజం మీద చేయి వేసి, "తెలీక చేసింది తప్పు కాదప్పా" అని వెళ్లిపోయాడు. మంచి మనిషి. కానీ తెలియజెప్పిన మనిషి ఇంట్లోనే ఉండింది కదా, నేను విననిదే కదా తప్పు. అది ఆయనకు చెప్పలేదు.

ఆయన బస్సెక్కాక వంటింట్లో గడప మీద కూర్చున్నాను. సినిమా మాటలు వినకపోతే పోయేదేం లేదని మనసుకు చెప్పుకుంటున్నాను. అప్పుడు ఆసుపత్రి గుర్తొచ్చింది.

ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. చివరి పది రోజులు అనంతపురంలో ఆసుపత్రిలోనే. గోడ పక్క మంచం, ఎప్పుడూ కళ్లు మూసుకునే ఉండేది. ఒకరోజు సాయంత్రం డాక్టరు నన్ను బయటికి రమ్మన్నాడు. "ఫర్వాల్యా సార్, ఈడనే చెప్పండి. ఆమెకు చెవులు మందం" అన్నది నేను. ఆయన అక్కడే, ఆమె తలకు మూరెడు దూరంలో నిలబడి చెప్పాడు, ఇంక రెండు రోజులు, మించితే మూడు అని. ఆయన వెళ్లాక అక్కడే నిలబడి విడపనకల్లులో ఉన్న ఆమె తమ్ముడికి ఫోన్ చేశాను. ఎవరెవరికి చెప్పాలో, ఆసుపత్రి నుంచి ఇంటికి ఏ బండిలో తేవాలో, శ్మశానానికి తీసుకుపోవడానికి ఎవరిని మాట్లాడాలో, అన్నీ మాట్లాడాను. అవతల సరిగా వినిపించడం లేదంటే గొంతు పెంచి మాట్లాడాను. అమ్మాయి మంచం కమ్మీ పట్టుకుని, "అమ్మ పోతాంది, అమ్మ పోతాంది" అని తన భర్తకు ఫోన్లో చెప్పి ఏడ్చింది. మా మధ్యలో ఆమె కళ్లు మూసుకుని పడుకుని ఉంది.

మరుసటి రోజు పొద్దున కళ్లు తెరిచి, "రెండు దినాలంటే యా వారం?" అని అడిగింది.

మతి తప్పి ఏదో అంటోందనుకున్నాం. తనెప్పుడొచ్చిందని అడుగుతోందనుకుని అమ్మాయి ఆమె మీదికి వంగి, "నేనొచ్చి నాలుగు దినాలైందమ్మా" అని అరిచి చెప్పింది. నేను ఇంకా దగ్గరగా వంగి, చెవి పక్కన నోరు పెట్టి, చుట్టుపక్కల మంచాల వాళ్లు తిరిగి చూసేలా అరిచాను, "నీకేం కాల్యా! రెండు దినాల్లో ఇంటికి పోతాం!" ఆమె చేయి ఎత్తి నా నోటి మీద పెట్టింది. "అరవద్దు. నాకు ఇనపడ్తానే ఉండాది" అంది. చెవులు మందమైనవాళ్లు అందరూ అనే మాటే అనుకున్నాను నేను. ఆ రెండు రోజులూ ఆమె ముందు నవ్వు మొహాలు పెట్టుకుని, ఇంటికి పోయాక ఏమేం వండిపెట్టాలో మాట్లాడుకున్నాం. ఆమె ఊఁ కొట్టింది. ఎవరినైనా చూడాలనుకుందేమో, నాకేమైనా చెప్పాలనుకుందేమో, భయపడిందేమో, ఒక్కటీ అడగలేదు. తనకు తెలుసని మాకు తెలిస్తే మేం ఏమైపోతామో అని మా కోసం నటించిందనే అనుకుంటున్నాను. తలుచుకుంటే నా నోరు నేనే కోసుకోవాలనిపిస్తుంది.

ఆ ఆదివారం సాయంత్రమే అమ్మాయి ఫోన్ చేసింది. టీవీ కలిసిందా అని అడిగింది. కలిసిందన్నాను. తర్వాత తన కూతురి సంగతి చెప్పింది. "పాప పిలిస్తే పలకడంల్యా నాయనా, ఎప్పుడూ చెవుల్లో ఆ ఇయర్‌ఫోన్లు పెట్టుకోనుంటాది. చెవుల డాక్టరుకు చూపిచ్చినా. ఇంట్లో ఎవరికన్నా చెవుడుందా అని అడిగినాడు. మా అమ్మకు ఉండేదని చెప్పినా, రాసుకున్యాడు. వచ్చే వారం ఇంకా పరీక్షలు చేస్తారంట. నాకు భయమైతాంది." "పాపకేం కాదులే" అని మాత్రం అని ఫోన్ పెట్టేశాను. నిజం చెబితే తను కూడా ఆ మంచం దగ్గర నిలబడిన సంగతి గుర్తొస్తుంది. నేను మోస్తున్నది తనూ మోయాలి. చెప్పకపోతే వాళ్లమ్మకు లేని రోగం ఆమె పేరున పాప కాగితాల్లోకి ఎక్కుతుంది. వారం రోజులు అటూ ఇటూ ఊగాను. నోటితో చెప్పడం నా వల్ల కాదని తేలిపోయింది, అందుకే ఈ రాత. ముందు నువ్వే చదువు తల్లీ, తర్వాత ఎవరు చదివినా సరే. ఆ డాక్టరు దగ్గరికి మళ్లీ పోయినప్పుడు రాసుకున్నది కొట్టేయమని చెప్పు. మీ అమ్మ చెవులు చివరి వరకూ బాగున్నాయి. మనం ఆ మంచం దగ్గర మాట్లాడినవన్నీ ఆమె విన్నది.